ఏలినవారి ముందు ఆట



పోయిన సంచికలో ఇదే పేజీలో ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవటం గురించి రాశాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. సోలాపూరు నుంచి ఒక పెద్దాయన మాత్రం కార్డు మీద రెండే వాక్యాలు రాశారు. "డబ్బు దాచుకోవటం గురించి చాలా చెప్పారు. డబ్బు కాక మనుషులు ఇంకా ఏమేం దాచుకుంటారో కూడా ఒకసారి రాయండి" అని. ఆయన వేళాకోళానికి అన్నారో, నిజంగానే అడిగారో నాకు తెలియదు. కానీ ఆ కార్డు వచ్చిన వారంలోనే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందుకని ఈసారి వడ్డీ రేట్లు, డిపాజిట్లు పక్కన పెడుతున్నాను.

మా మేనకోడలు హైదరాబాదులో నాటకకళ ఎం.ఏ. చదువుతోంది. దసరా సెలవులకు బరంపురం వచ్చింది. పరీక్షకు వ్యాసం ఏదో రాయాలట, ఆఫ్రికాలో ఇప్పటివాళ్ళు చేస్తున్న నాట్య నాటకాల మీద. రాత్రి భోజనాలయ్యాక తన లాప్‌టాప్‌ని మా టీవీకి తగిలించి, "మామయ్యా, ఆఫ్రికా నాట్యం చూస్తావా?" అంది.

బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా లెడ్జర్ల మధ్య బతికినవాణ్ణి. నాకు తెలిసిన ఆఫ్రికా నాట్యమంతా మన సినిమాల్లోదే. ఈకలు, ఎముకల దండలు, మంట చుట్టూ గంతులు, హీరోని కట్టేసిన స్తంభం. అలాంటిదేదో వస్తుందని పడక కుర్చీలో వెనక్కి వాలాను. మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

ఈకలు రాలేదు, మంటలూ రాలేదు. రంగస్థలం మీదికి ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చారు. వయసు మళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగమనిషి. వాళ్ళ పేర్లు వావినా లిఫెటెకె, మరీ జాన్ ఎన్జోకు మసులా, ఇకొండోంగో ముకోకో. ముగ్గురూ ఒకప్పుడు జైరు దేశపు జాతీయ నృత్య బృందంలో ఆడినవాళ్ళు. ఆ ప్రదర్శన పేరుకి తెలుగులో "నాటకరంగ చరిత్రలు, రెండో భాగం" అని అర్థం. చేసినవాడు ఫాస్టిన్ లిన్యెకులా అనే కాంగో నాట్యకర్త. 2019లో బెల్జియంలోని ఘెంట్ నగర నాటకశాల తరఫున తయారుచేశాడు.

ఇది అర్థం కావాలంటే ఆ దేశం సంగతి కొంచెం తెలియాలి. మా మేనకోడలు మధ్యమధ్య ఆపి చెప్పింది కనుక నాకు తెలిసింది, లేకపోతే నేనూ నిద్రపోయేవాణ్ణే.

కాంగో మొదట బెల్జియం రాజు లియోపోల్డు సొంత ఆస్తి. దేశం ఆస్తి కాదు, రాజుగారి సొంతం. 1885 నుంచి 1908 దాకా అలాగే నడిచింది. ఒక మనిషి పేరు మీద అంత పెద్ద దేశం! రబ్బరు కోసం జనాన్ని ఎంత హింసించాడో చదివితే అన్నం సహించదు. తరవాత అది బెల్జియం వలస అయింది. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి ప్రధాని పాట్రిస్ లుముంబాని ఏడు నెలలు తిరక్కుండానే, 1961 జనవరి 17న, చంపేశారు. 1965లో సైన్యాధిపతి మొబుటు గద్దె ఎక్కి 1997 దాకా దిగలేదు.

ఈ మొబుటుకి ఒక సరదా ఉండేది, పేర్లు మార్చటం. 1971లో దేశం పేరు జైరు అన్నాడు, నది పేరూ అదే చేశాడు. జనం కిరస్తానీ పేర్లు వదిలి నాటు పేర్లు పెట్టుకోవాలన్నాడు. కోటు, టై కట్టకూడదన్నాడు. వాటికి బదులు మెడ దాకా బొత్తాలున్న ఒక చొక్కా కుట్టించి దానికి "అబాకో" అని పేరు పెట్టించాడు. యానాం పాఠకుల్లో ఫ్రెంచి వచ్చిన పెద్దలుంటే వెంటనే నవ్వుకుంటారు. "కోటు నశించాలి" అనే నినాదాన్ని కుదించిన మాట అది. అసలైన ఆఫ్రికా సంస్కృతిని తిరిగి తెస్తున్నానని ఆయన ప్రకటన. వినటానికి బాగానే ఉంటుంది కదా. మన భాష, మన బట్ట, మన ఆట అంటే ఎవరికి చేదు?

ఆ ఊపులో తయారైనదే జాతీయ నృత్య బృందం. 1974లో వాళ్ళ మొదటి ప్రదర్శన "లియాంజా వీరగాథ". లియాంజా మోంగో జాతివారి పురాణ పురుషుడు. తల్లి కాలిలోంచి ఆయుధాలతో సహా పుట్టుకొచ్చాడంటారు. తండ్రిని చంపినవాళ్ళ మీద పగ తీర్చుకుని, చెల్లెలు న్సోంగోతో కలిసి తన జనాన్ని పెద్ద నది దగ్గరికి నడిపించాడు. దేశంలో నానా జాతులవారూ ఉన్నారు. వాళ్ళందరినీ ఒక్క జాతిగా చూపించటానికి ఆ కథ పనికొచ్చింది. జనాన్ని నడిపించే వీరుడెవరో, ఆ వీరుణ్ణి చూసి ఎవరు గుర్తుకు రావాలో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అదే సంవత్సరం అక్టోబరు 30న కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జి ఫోర్‌మన్ల ముష్టియుద్ధం కూడా మొబుటే జరిపించాడు. ప్రపంచమంతా చూసింది. లిన్యెకులా పుట్టింది కూడా ఆ 1974లోనే. ఆ నృత్య బృందమూ తానూ ఒక్క ఈడువాళ్ళం అన్నమాట.

జాతీయ బృందం ఒక ఎత్తు. దాని కింద దేశమంతా సాగిన ఆట ఇంకో ఎత్తు. ఆఫీసుల్లో, కంపెనీల్లో, బళ్ళలో పని మొదలుపెట్టే ముందు ఉద్యోగులూ పిల్లలూ నాయకుణ్ణి పొగుడుతూ పాడాలి, చప్పట్లు కొట్టాలి, నడుము ఊపాలి. "రాజకీయ, సాంస్కృతిక ఉత్తేజం" అని దానికి అధికారికమైన పేరు. సాయంత్రం టీవీ వార్తలు మొదలయ్యే ముందు మబ్బుల్లోంచి మొబుటు ముఖం దిగి వచ్చేది. ఉదయం పదింటికి మా బ్రాంచిలో షట్టరు ఎత్తగానే క్యాషియరు దగ్గర్నుంచి మేనేజరు దాకా వరసలో నిలబడి అధ్యక్షుడి కోసం డాన్సు చేస్తున్నట్టు ఊహించుకున్నాను. మొదట నవ్వొచ్చింది. ఆ వరసలో నిలబడనంటే ఏమవుతుందో ఆలోచించాక నవ్వు పోయింది.

ఆ ముగ్గురు పెద్దవాళ్ళూ తమ వయసు రోజుల్ని చెప్పారు, అప్పటి అడుగులు వేసి చూపించారు. మోకాళ్ళు సహకరించవు, ఊపిరి అందదు. అయినా ఒక తాళం దగ్గరికి వచ్చేసరికి భుజాలు వాటంతటవే కదులుతాయి. వాళ్ళ పక్కన కాంగో నటుడు ఒకడు, బెల్జియం నటుడు ఒకడు ఉన్నారు. ఆ తెల్ల కుర్రాడు అక్కడెందుకున్నాడో ఆ చరిత్ర తెలిసినవాడికి చెప్పక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది ఒకటుంది. ఆ ముగ్గురి ముఖాల్లో గర్వం ఉంది. ఒక నియంత కోసం ఆడామని వాళ్ళకి తెలియదా? తెలుసు. కానీ ఆ ఆట అందమైనది, వాళ్ళ వయసు అందమైనది, ఆ చప్పట్లు నిజమైనవి. లిన్యెకులా వాళ్ళని బోనెక్కించలేదు, అలాగని పూలదండలు వేసి ఊరేగించనూ లేదు. మీరేం చేశారో చూపించండి అని పక్కన నిలబడ్డాడు. మొబుటు పోయాడు, జైరు అనే పేరే పోయింది, ఆ అడుగు మాత్రం ఆ ముసలమ్మ కాళ్ళలో ఉంది. దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలి?

అప్పుడు మా అమ్మ, అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉందనుకున్న మనిషి, మెల్లగా అంది: "మీ నాన్నకీ ఇదే కదరా జరిగింది."

మా నాన్నగారు ఇక్కడ తెలుగు బడిలో మాస్టారు. బరంపురం తెలుగువాళ్ళలో పాతవాళ్ళకి ఆయన బుర్రకథకుడిగానే గుర్తు. తంబూరా భుజాన వేసి, బొటనవేలికి అందె తొడిగి, గజ్జె కట్టి బొబ్బిలి యుద్ధం అందుకుంటే తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదట. నాకు లీలగా గుర్తు. బుర్రకథలో కుడివైపు వంతని రాజకీయం అంటారు, ఎడమవైపువాణ్ణి హాస్యం అంటారు. పాత కథ నడుస్తూ ఉండగానే రాజకీయం వంత ఇప్పటి పాలకుల మీద ఒక చురక వేస్తాడు. అది అతని హక్కు. షేక్ నాజర్‌గారి లాంటివాళ్ళ చేతుల్లో అది ఎంత పదునుగా ఉండేదో పెద్దలకు తెలుసు. మా నాన్నగారికి కుడి వంత ఒక దర్జీ. మంచి నోరున్న మనిషని అమ్మ చెబుతుంది.

1976. ఎమర్జెన్సీ. నాకు ఆరేళ్ళు. ఇరవై సూత్రాల పథకం మీద, కుటుంబ నియంత్రణ మీద బుర్రకథ చెప్పాలని పై నుంచి కబురు వచ్చింది. ఏ శాఖ, ఎవరు అనేవి ఇప్పుడు అనవసరం. ప్రభుత్వ జీతం మీద బతికే బడిపంతులు కాదనగలడా? నాన్నగారు నాలుగు రాత్రులు కూర్చుని కథ రాశారు. జీపు పంపేవారు. నన్ను కూడా ఒకసారి తీసుకెళ్ళారు. పెట్రోలు వాసన, నారింజ రంగు షర్బతు, పెట్రోమాక్సు దీపాలు, చప్పట్లు, ఇవే నాకు మిగిలినవి. తరవాత ఎర్ర సీలున్న ప్రశంసాపత్రం ఒకటి ఇచ్చారు. ముందుగదిలో ఫ్రేము కట్టించి పెట్టారు. నా స్నేహితులందరికీ వేలు పెట్టి చూపించేవాణ్ణి. కొన్నాళ్ళకి అది గోడ మీద లేదు. సున్నాలు వేసినప్పుడు తీసి ఉంటారనుకున్నాను. తంబూరా అటకెక్కింది. బడి పని ఎక్కువైందనుకున్నాను. పిల్లలు ఏదో ఒకటి అనుకుంటారు, పెద్దయ్యాక దాన్ని సరిచూసుకోరు.

ఆ రాత్రి అమ్మ చెప్పింది ఇది. చివరి ఊళ్ళో కథ అయ్యాక, వినటానికి వచ్చిన మగవాళ్ళని వ్యాను ఎక్కించారు. కోటా నిండాలి. తంబూరా మోగింది కనుక జనం చేరారు, చేరారు కనుక దొరికారు. ఆ దొరికినవాళ్ళలో దర్జీ తమ్ముడు ఉన్నాడు. అన్న కథ చూడటానికి వెంట వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు. పెళ్ళి కాలేదు. చెప్పినా ఎవరూ వినలేదు. దేశం మొత్తం మీద 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయని తరవాతి లెక్కలు. ఆ లెక్కలో ఇతనొకడు.

దర్జీ మా నాన్నగారితో మళ్ళీ మాట్లాడలేదు. నాన్నగారు 2003లో పోయేదాకా తంబూరా దించలేదు. అమ్మ ఇది చెప్పటానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. అది కూడా టీవీలో ఎవరో జైరు దేశపు ముసలమ్మ అడుగు వేస్తేనే.

ఇంక ఆ సెలవులు అయ్యేదాకా మా మేనకోడలి వ్యాసం నాది కూడా అయిపోయింది. రోజుకొకటి పెట్టించుకుని చూశాను.

లిన్యెకులా సంగతే ముందు చెబుతాను. కిసంగాని దగ్గర ఉబుండులో పుట్టాడు. దేశంలో విశ్వవిద్యాలయాలు మూతపడితే 1993లో నైరోబి వెళ్ళాడు. అక్కడ మరో ఇద్దరితో కలిసి 1997లో కెన్యా దేశపు మొదటి ఆధునిక నాట్య బృందం పెట్టాడు. ఇంటికి తిరిగి వెళ్ళేసరికి దేశం యుద్ధంలో ఉంది. 2001లో కిన్షాసాలో "స్టూడియో కబాకో" ప్రారంభించాడు. కబాకో అనేది చనిపోయిన స్నేహితుడి పేరు. తరవాత రాజధానిని కూడా వదిలి కిసంగాని చేరాడు. 2000 జూన్‌లో ఉగాండా, రువాండా సైన్యాలు పరాయి దేశంలోకి వచ్చి ఆరు రోజులపాటు వీధుల్లో ఒకదాన్నొకటి కాల్చుకున్న ఊరు అది. అలాంటిచోట డాన్సు స్టూడియో పెడతాను, అప్పివ్వండి అని మా బ్రాంచికి ఎవరైనా వస్తే నేనేం చేసేవాణ్ణో మీకు తెలుసు. ఆయనకి 2007లో నెదర్లాండ్సువారి ప్రిన్స్ క్లాస్ పెద్ద బహుమతి వచ్చింది.

2005లో ఆయన చేసిన "అబద్ధాల పండుగ" నాకు బాగా నచ్చింది. దాంట్లో ప్రేక్షకులకి తిండీ తాగుడూ కూడా ఉంటాయి, నిజం పండుగ లాగే. వెనక నుంచి బెల్జియం రాజు మొదలుకొని కాంగో నాయకుల దాకా అందరి పాత ఉపన్యాసాలు వినిపిస్తూ ఉంటాయి. ట్యూబులైట్ల మధ్య డాన్సర్లు మెలికలు తిరుగుతుంటారు. మాట నిటారుగా, గంభీరంగా ఉంటుంది. ఒళ్ళు మాత్రం నిలబడలేక పడిపోతూ ఉంటుంది. రాజకీయ ఉపన్యాసానికీ దాన్ని మోసే జనానికీ ఉన్న తేడాని ఇంతకన్నా సూటిగా చెప్పటం కష్టం.

2009 నాటి ఇంకో ప్రదర్శనలో పాటలన్నీ ఒక ఖైదీ రాసినవి. అంత్వాన్ వుమీలియా అని, లిన్యెకులా స్నేహితుడు. 2001లో అధ్యక్షుడు లారెంట్ కబిలా హత్య తరవాత జైల్లో పడి, మరణశిక్ష పడినవాడు. తెరమీద అతని పదాలు గిటారుతో హోరెత్తుతుంటే ఆ మనిషి మాత్రం గోడల వెనక ఉన్నాడు. 2011లో తప్పించుకుని స్వీడను చేరాడు.

2017లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంవారు లిన్యెకులాని పిలిచారు. అక్కడి గిడ్డంగిలో, ఎన్నడూ జనానికి చూపించని ఒక కొయ్యబొమ్మ ఆయన కంటపడింది. అది లెంగోలా జాతివారిది, అంటే వాళ్ళ అమ్మ తరఫువాళ్ళది. ఆ బొమ్మ ఆచూకీ పట్టుకుని తల్లి పూర్వీకుల ఊరు బనటబా వెళ్ళాడు. అదే పేరుతో మ్యూజియంలో ప్రదర్శన చేశాడు.

మా లెక్కల్లో వోచరు లేని ఎంట్రీని ఆడిటరు ఒప్పుకోడు. వీళ్ళ వోచర్లన్నీ ఎక్కడున్నాయి? బ్రస్సెల్సులో, పారిస్‌లో, న్యూయార్కు గిడ్డంగిలో. సొంత ఊళ్ళో మిగిలినవి కాల్చేసిన ఆఫీసులు. అందుకని తమ ఒళ్ళే రికార్డు రూమంటారు ఈ నాట్యకారులు. మొదట ఇది అలంకారం అనుకున్నాను. మా అమ్మ చెప్పింది విన్నాక అలా అనుకోవటం మానేశాను.

దక్షిణాఫ్రికావాడు గ్రెగరీ మకోమాది ఇంకో దారి. 1973లో సొవేటోలో పుట్టాడు. 1999లో వుయానీ అనే బృందం స్థాపించాడు. 2011లో "ఎగ్జిట్ ఎగ్జిస్ట్" అని ఒంటరిగా ఆడిన ప్రదర్శన చేశాడు. మొదట్లో మెరిసే సూటు వేసుకుని మనకి వీపు చూపిస్తూ ఆడతాడు. పోను పోను సూటు పోయి ఆవుతోలు వస్తుంది. నలుగురు గాయకులు, ఒక గిటారు. కథ ఆయన పూర్వీకుడిదే. 19వ శతాబ్దంలో భూముల కోసం, పశువుల కోసం ఇంగ్లీషువాళ్ళతో పోరాడిన ఖోసా నాయకుడు మకోమా. ఆయన్ని రెండుసార్లు రాబెన్ ద్వీపానికి పంపారు. 1873లో అక్కడే చనిపోయాడు. తరవాత మండేలాని పెట్టినది కూడా ఆ ద్వీపంలోనే.

దీనికి ఒక ముక్తాయింపు ఉంది, అది ప్రదర్శనలోది కాదు, చరిత్రలోది. 1978లో ఆయన ఎముకల్ని ద్వీపం నుంచి తవ్వి తెచ్చి సిస్కైలో ఘనంగా సమాధి చేశారు. చేసింది ఎవరు? జాతివివక్ష ప్రభుత్వం నల్లవాళ్ళని వేరు చెయ్యటానికి పెట్టిన "స్వదేశం" పెద్ద లెనాక్స్ సెబె. తనకి జనంలో లేని పరువు ఆ వీరుడి ఎముకల నుంచి తెచ్చుకుందామని. లియాంజాని మొబుటు వాడుకున్నట్టే. వీరుడు బతికుంటే గద్దె మీదున్నవాడికి భయం. చచ్చి పురాణమైతే ఇక కావలసినవాడే.

మొజాంబిక్‌వాడు పనైబ్ర కాండా ఒక గిటారిస్టుతో కలిసి మరాబెంటా పాటల మీద ఆడాడు. పోర్చుగీసువాళ్ళ కాలపు ఒళ్ళు ఎలా నిలబడేది, 1975లో స్వాతంత్ర్యం వచ్చాక సోషలిస్టు ఒళ్ళు ఎలా నిలబడింది, ఆ తరవాతి ఎన్నికల కాలపు ఒళ్ళు ఎలా ఉంది, ఇదీ ఆయన విషయం. మూడు ప్రభుత్వాలు, ఒకే నడుము. కొంచెం సాగదీసినట్టు నాకనిపించింది. మా మేనకోడలు ఒప్పుకోలేదు.

అన్నిటికన్నా చూడలేకపోయింది "ఫగాలా". సెనెగల్‌లో పెరిగిన జెర్మెయిన్ అకోనీ 2004లో జపాను నాట్యకర్త కోటా యమజాకితో కలిసి చేశారు. 1944లో పుట్టిన ఈవిడని అక్కడి ఆధునిక నాట్యానికి తల్లి అంటారు. టూబాబ్ జాలో అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో ఇసుక నేల మీద నాట్యం నేర్పే బడి ఆవిడది. 2021లో వెనిస్‌వారు బంగారు సింహం ఇచ్చారు. ఫగాలా అంటే వొలోఫ్ భాషలో జాతిహత్య. 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. దాని మీద బుబకర్ బోరిస్ జోప్ రాసిన నవల దీనికి ఆధారం. అందరూ మగ డాన్సర్లే. చంపేవాళ్ళూ వాళ్ళే, చచ్చేవాళ్ళూ వాళ్ళే, ఆడవాళ్ళూ వాళ్ళే. సగంలో నేను లేచి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఒక్కతే కూర్చుని చూస్తోంది.

డబ్బు మనిషిని కనుక ఒక మాట అనకుండా ఉండలేను. ఈ ప్రదర్శనల్లో చాలావాటికి పెట్టుబడి ఐరోపాది, ఎక్కువ ప్రేక్షకులూ అక్కడివాళ్ళే. ఒకప్పుడు ఏలినవాళ్ళే ఇప్పుడు టికెట్టు కొని, నువ్వు పడ్డ బాధ చూపించు అంటున్నారు. ఆ నాట్యకారులకి ఇది తెలియదా? తెలుసు. అందుకే లిన్యెకులా కిసంగానిలో, అకోనీ తన సముద్రపుటొడ్డున కాళ్ళు పాతుకుని ఉన్నారు. చెక్కు ఎక్కడి నుంచి వచ్చినా ఆట నేర్పేది మాత్రం సొంత ఊళ్ళోనే అన్నమాట. పద్దు ఎంతవరకు సరిపోతుందో వాళ్ళకే తెలియాలి.

ఇక మా సంగతి. మన సంఘంవారు పాత కళాకారుల జ్ఞాపికలతో ప్రదర్శన పెడుతున్నారని, ప్రత్యేక సంచిక వేస్తున్నారని మీకు తెలుసు. "మీ నాన్నగారికి ప్రభుత్వ ప్రశంసాపత్రం ఉండేదటగా, తెచ్చివ్వండి" అని కార్యదర్శిగారు నెల క్రితమే ఫోను చేశారు. అప్పుడు ఎంతో సంబరపడ్డాను. అమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత పట్టుచీర మడతలో అది దొరికింది. సీలు రంగు కూడా పోలేదు. చింపెయ్యలేదేం అని అమ్మని అడిగితే, "ఆయన చింపమన్నారు, నేనే దాచాను, నీకు ఇష్టంగా ఉండేది కదా అని" అంది.

దాన్ని అలాగే ఇస్తే అబద్ధం. ఇవ్వకపోతే ఇంకో రకం అబద్ధం. కథతో సహా ఇద్దామంటే ఆ కథ నా ఒక్కడిది కాదు.

దర్జీ పోయి చాలాకాలమైంది. తమ్ముడు ఉన్నారు. అన్న తరవాత ఆ కుట్టుమిషను ఆయనే తొక్కారు. మా వీధికి నాలుగు వీధుల అవతలే. ఎన్నో ఏళ్ళుగా నా చొక్కాలు కుట్టినాయన. పెళ్ళి చేసుకోలేదని తెలుసు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆదివారం పొద్దున్న అమ్మని రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. నేను ఎలా మొదలుపెట్టాలా అని తడబడుతుంటే అమ్మే చెప్పేసింది, ఇలా రాస్తానంటున్నాడు నాయనా, నువ్వు ఊఁ అంటేనే, అని.

ఆయన కాసేపు మిషను చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

"మాస్టారు మా ఇంటికి వచ్చారు బాబూ, రెండుసార్లు. మా అన్న తలుపు తియ్యలేదు. నేను లోపలే ఉన్నాను" అన్నారు. "రాయండి. నా పేరు వద్దు, ఊరి పేరు వద్దు."

లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన మట్టి గుమ్మెట తెచ్చారు. అన్నగారిది. తోలు వదులైపోయింది. అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ చేతివేళ్ళతో ఒక్కసారి తట్టి ఇచ్చేసింది.

ప్రశంసాపత్రం పక్కన పెట్టటానికి ప్రదర్శనకి దాన్ని ఇమ్మని అడిగాను. ఇవ్వనన్నారు.